చెవి ఒప్పుకున్నదే వాక్యం

మదనపల్లెకు అనువాదం కొత్త కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. అంతకు ముందే ఇంకో పెద్ద అనువాదంతో ఈ ఊరికి సంబంధం ఉంది. 1863లో ఇక్కడికి వచ్చిన ఆర్కాటు మిషన్ డాక్టరు జేకబ్ చాంబర్లేన్, 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిల్ సవరణ సంఘానికి అధ్యక్షుడు.

సవరణకు అన్నేళ్లు ఎందుకంటే, హీబ్రూ, గ్రీకు మూలాలతో సరిచూసుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. గ్రీకులో ‘మేము’, ‘మనము’ తేడా లేదు. తుపానులో శిష్యులు నిద్రపోతున్న యేసును లేపి, నశించిపోతున్నామని మొరపెట్టుకుంటారు. అక్కడ ‘మేము’ అని రాస్తే ఆయన ఆపదకు వెలుపల ఉన్నట్టు. ‘మనము’ అంటే ఆయనా మునిగిపోయేవాళ్లలో ఒకరు. మూలం తేల్చనిది తెలుగు తేల్చి తీరాలి. ‘అతడు’ అనాలా, ‘ఆయన’ అనాలా అన్నదీ అంతే. నిఘంటువు తీర్చే తగువులు కావివి. నలుగురు కూర్చుని, బిగ్గరగా చదువుకుని, వాదించుకుని తేల్చుకోవాలి.

ఇరాన్ భాష పారసీలోకి బైబిల్ వచ్చిన కథలోనూ ఇదే పాఠం ఉంది. ఆ కథలో ఒక అధ్యాయం మన విశాఖపట్నంలో జరిగింది. అక్కడ ముస్లిం ధర్మశాస్త్రం చెప్పే ముఫ్తీగా ఉన్న అరబ్బు పండితుడు సాబాత్, అరబీ కొత్త నిబంధన చదివి మనసు మార్చుకుని, మద్రాసులో బాప్తిస్మం పొందాడు. తర్వాత ఇంగ్లీషు పాదిరి హెన్రీ మార్టిన్ దగ్గర చేరి కొత్త నిబంధనను పారసీలోకి తెచ్చాడు. చదివిన పండితులు పెదవి విరిచారు. అందులో అరబీ పాలు ఎక్కువ, ఇరాన్‌లో ఎవరూ అలా మాట్లాడరు అన్నారు. మార్టిన్ 1811లో ఇరాన్‌లోని షిరాజ్ వెళ్లి, అక్కడి మీర్జా సయ్యద్ అలీని పక్కన కూర్చోబెట్టుకుని పని మళ్లీ మొదలుపెట్టాడు. 1812 ఫిబ్రవరికి ముగించి, అదే అక్టోబరులో టర్కీలోని తోకాత్‌లో కన్నుమూశాడు. పుస్తకం 1815లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయింది. సాబాత్‌కు పాండిత్యం తక్కువై కాదు. పారసీ అతని తల్లిభాష కాదు.

నేటి ఇరాన్‌లో ఆర్మేనియన్, అస్సీరియన్ క్రైస్తవులకు ప్రభుత్వ గుర్తింపు ఉంది. వాళ్ల ఆరాధన వాళ్ల భాషల్లో సాగుతుంది. పారసీలో ప్రార్థించే కొత్త విశ్వాసులకు ఆ వెసులుబాటు లేదు. అక్కడి బైబిల్ సొసైటీ 1990లో మూతపడింది. వాళ్ల ఆరాధన ఎక్కువగా ఇళ్లలోనే. పక్కన అర్థం చెప్పే గురువు ఉంటాడన్న భరోసా లేదు. పుస్తకమే తనను తాను వివరించుకోవాలి. కొత్త పారసీ అనువాదాలు నేటి భాషలో రావడానికి అదొక బలమైన కారణం.

మదనపల్లె చర్చిల్లో సంగతి వేరు. పాస్టరు గ్రాంథిక వచనం చదివి, మన యాసలో విప్పి చెబుతాడు. పెద్దవాళ్లకు ఆ పాత లయ కంఠతా వచ్చు. దాన్ని కదిపితే ప్రార్థన తప్పినట్టు ఉంటుంది. గ్రాంథికం గెలిచిందా, వాడుక గెలిచిందా అన్న లెక్క ఇక్కడ కుదరదు. పదిమంది మధ్య వినేదానికి ఒక భాష, ఒంటరిగా చదువుకునేదానికి ఇంకో భాష కావాలి. ఎవరు, ఎక్కడ, ఎవరి తోడుతో చదువుతారో ముందే అడిగిన అనువాదకుడి పనే నిలుస్తుంది.