తిండి మానిన మనిషి

ఆకలి మన విమర్శకు కొత్త వస్తువు కాదు. అయితే మనం లెక్కలోకి తీసుకునేది తిండి దొరకని ఆకలినే. కంచంలో అన్నం ఉండగా తినలేని మనిషి కథలోకి వస్తే, అది కడుపు నిండినవాళ్ల రోగమని కొట్టిపారేసే మిత్రులున్నారు. 2024లో నోబెల్ బహుమతి పొందిన కొరియా రచయిత్రి హాన్ కాంగ్ నవల ‘ది వెజిటేరియన్’ (2007) వాళ్లు చదవాలని నా కోరిక.

యోంగ్‌హే అనే గృహిణి ఒక పీడకల తర్వాత మాంసం మానేస్తుంది. క్రమంగా తిండే మానేస్తుంది. నవల మూడు భాగాలు. మొదటిది భర్త చెబుతాడు. రెండోది బావ వైపు నుంచి, మూడోది అక్క వైపు నుంచి నడుస్తాయి. ఆమె తన గొంతుతో మాట్లాడేది మొదటి భాగంలోని కలల ముక్కల్లోనే. దీన్ని శిల్పచమత్కారం అనలేం. ఆ ఇంట్లో ఆమె మాట వినేవాళ్లు లేరన్న సత్యమే ఇక్కడ శిల్పమైంది. కుటుంబమంతా చేరిన భోజనాల వేళ తండ్రి ఆమెను కొట్టి, నోట్లో మాంసం కుక్కుతాడు. ఆమె కత్తి అందుకుని తన మణికట్టే కోసుకుంటుంది. చిన్నతనం నుంచి తండ్రి దెబ్బలు తిన్న మనిషి. ఎదురు చెప్పే హక్కు లేని చోట కోపాన్నీ భయాన్నీ అదుపులో పెట్టుకోవడానికి ఆమె చేతిలో మిగిలింది తన నోరు మూసుకోవడమే.

ఇటువంటి రుగ్మతలున్న చాలామందికి తినకపోవడమో, అతిగా తినడమో భరించలేని భావాలను కాసేపు అణచుకునే సాధనమని మనస్తత్వశాస్త్రం చెబుతున్నది. ఆ ఊరట నిలవదు. పైగా ఆ రహస్యాన్ని దాచుకోవాలి. పెళ్లికీ చావుకీ కూడా పంక్తిలో కూర్చోవలసిన సమాజాల్లో, తినలేని మనిషి ముందు పంక్తికి దూరమవుతుంది, ఆ తర్వాత మనుషులకు. యోంగ్‌హేది ఈ ఒక్క జబ్బే అనలేం. నవలలోని వైద్యులు స్కిజోఫ్రెనియా పేరు కూడా ఎత్తుతారు. కాని ఏ రోగం పేరూ ఆ భోజనాల బల్లను నిర్దోషిని చేయదు.

రెండో భాగం నాకు తృప్తినివ్వలేదు. ఆమె ఒంటిమీద పూలు చిత్రించే బావ కన్నుకూ రచయిత్రి కన్నుకూ మధ్య ఉండవలసిన దూరం అక్కడక్కడ చెరిగిపోయింది. బాధ అందంగా కనబడడం మొదలైతే పాఠకుడు జాగ్రత్తపడాలి.

నవలను నిలబెట్టింది మూడో భాగం. ఆస్పత్రిలో గొట్టంతో బలవంతంగా ఆహారం ఎక్కిస్తుంటే అక్క ఇన్‌హే అడ్డుపడుతుంది. దుకాణం నడుపుతూ, వండిపెడుతూ, బిడ్డను పెంచుతూ, ఎవరి చేతా మాట పడకుండా బతికిన మనిషి ఆమె. చిన్ననాడు తండ్రికి వండిపెట్టి దెబ్బలు తప్పించుకున్న తన ఓర్పు కూడా భయంలోంచి పుట్టిందేనని, చెల్లెలి మంచం పక్కన ఆమెకు తెలిసివస్తుంది.