ఎల్లీని ఎవరడిగారు?

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ 2013లో వీడియో గేమ్‌గా వచ్చింది. 2023 జనవరిలో హెచ్‌బీఓ దాన్ని టీవీ సీరియల్‌గా ప్రసారం చేసింది. వీడియో గేమ్ అంటే మగపిల్లలు తుపాకులు పేల్చుకునే వ్యవహారమని సాహిత్యం చదువుకున్నవాళ్ళం అటు తొంగి కూడా చూడం. (తుపాకులు ఇందులోనూ తక్కువేమీ లేవు.) కానీ ఒక పద్నాలుగేళ్ళ ఆడపిల్ల శరీరం ఎవరిదన్న ప్రశ్నని ఇంత సూటిగా వేసిన కథలు ఈ మధ్య నేను ఎక్కువగా చదవలేదు.

కార్డిసెప్స్ అనే ఫంగస్ మనుషుల మెదళ్ళలోకి పాకి లోకం కూలిపోయిన ఇరవై ఏళ్ళకి, అది సోకినా ఏమీ కాని పిల్ల ఎల్లీ. ఆమెను ‘ఫైర్‌ఫ్లైస్’ అనే తిరుగుబాటుదారులకి అప్పగించే పని, కూతుర్ని పోగొట్టుకున్న జోయల్‌ది. తీరా సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రికి చేరాక తెలుస్తుంది, మందు తయారుచేయాలంటే ఆమె మెదడు కోయాలని, ఆమె బతకదని. ఆ సంగతి ఎల్లీకి ఎవరూ చెప్పరు. జోయల్ అడ్డొచ్చినవాళ్ళని చంపి ఆమెను ఎత్తుకొస్తాడు. తర్వాత అబద్ధం చెబుతాడు.

దీనిమీద చర్చంతా జోయల్ చేసింది తప్పా ఒప్పా అన్నచోటే తిరుగుతుంది. నాకది ఇద్దరు యజమానుల తగాదాలా కనిపిస్తుంది. ఫైర్‌ఫ్లైస్ నాయకురాలు మార్లీన్ స్త్రీ, ఎల్లీ తల్లికి స్నేహితురాలు. అయినా ఆ పిల్ల మనసు తనకి తెలుసుననే ఆమె ధీమా.

నాకు ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టళ్ళలో ఉన్న పిల్లల సమ్మతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, నా పేచీ దానితో కాదు. మానవాళి మేలు అన్న మాట వినబడగానే ముందుగా చేతికి దొరికేది వెనక ఎవరూ లేని ఆడపిల్లే. ఎల్లీ కూడా అనాథే.

ఆటలో, ఆపరేషన్ గదిలోని సర్జన్‌ని చంపనిదే కథ ముందుకి కదలదు. ఆడేవాళ్ళ చేత ఆ పని చేయిస్తారు. అంతకన్నా నన్ను కలవరపెట్టింది ముగింపు. జాక్సన్ ఊరి దగ్గర అడవిలో నడిచే ఆ చివరి కాసేపూ మన చేతికి ఇచ్చేది జోయల్‌ని కాదు, ఎల్లీని. నిజం తెలిసిన మనం, తెలియని పిల్ల కాళ్ళతో నడుస్తాం. అడగడానికి మనకి నోరుండదు. అతను అబద్ధం చెబుతాడు, ఆమె సరేనంటుంది.

టీవీలో ఇది పోయింది. బెల్లా రామ్సే నటన ఎంత బాగున్నా ఎల్లీని బయటినుంచే చూస్తాం. పెడ్రో పాస్కల్ చూపించిన తండ్రి దుఃఖం మనల్ని కరిగిస్తుంది. ఆ కరగడం మీదే నాకు అనుమానం.

అయితే సీరియల్ ఒకటి కలిపింది. మొదటి సీజన్ చివరి భాగం ఎల్లీ తల్లి ఆనా ప్రసవంతో మొదలవుతుంది. నొప్పులు పడుతూనే ఆమె కాటుకి గురవుతుంది. కాటుకి ముందే బొడ్డు కోశానని మార్లీన్‌తో అబద్ధమాడుతుంది. ఆనాగా నటించింది ఆటలో ఎల్లీకి గొంతునిచ్చిన ఆష్లీ జాన్సన్. (రాసినవాళ్ళు ఇద్దరూ మగవాళ్ళే, క్రెయిగ్ మేజిన్, నీల్ డ్రక్‌మన్.) ఒకే భాగంలో రెండు అబద్ధాలు. ఆనా అబద్ధమాడింది బిడ్డని ఇచ్చేయడానికి, జోయల్ ఉంచుకోవడానికి.

2020లో వచ్చిన రెండో ఆటలో ఎల్లీకి నిజం తెలుస్తుంది. ఆ ఆసుపత్రిలోనే తను చనిపోయి ఉండాల్సిందని, అప్పుడు తన బతుక్కి అర్థముండేదని జోయల్‌తో అంటుంది. ఈ మాట నాకు మింగుడుపడదు. త్యాగంలోనే అర్థం వెతుక్కోమని ఆమెకి ఎవరు నేర్పారు? ముందే అడిగి ఉంటే ఇదే చెప్పేదేమో, ఇంకేదైనా చెప్పేదేమో. పద్నాలుగేళ్ళ పిల్ల అవునంటే దాన్ని ఎంతవరకు సమ్మతి అనుకోవాలో కూడా అప్పుడు తేల్చుకోవలసి వచ్చేది. ఆ సంభాషణని ఆటా రాయలేదు, సీరియలూ రాయలేదు.