రాజోలు గొంతుకి ఒక పెట్టె

రాజోలు తాలూకా రెండేళ్ళ తేడాలో ఇద్దరు గాయకుల్ని కన్నది. ఓలేటి వెంకటేశ్వర్లు 1928లో రాజోలులో పుట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో అక్కడికి దగ్గర్లోనే శంకరగుప్తంలో పుట్టారు. ఇద్దరూ విజయవాడ రేడియోలో పనిచేశారు. పోలిక అక్కడితో సరి. బాలమురళి గొంతు ఎల్పీల్లో, కేసెట్లలో, సినిమాల్లో, దూరదర్శన్‌లో దేశమంతా తిరిగింది. 'భక్త ప్రహ్లాద'లో నారదుడిగా ఆయన్ని చూసినవాళ్ళకి రాగాల పేర్లు తెలియకపోయినా ఆ గొంతు తెలుసు. ఓలేటి గొంతు మాత్రం రేడియోలో వినిపించి, గాల్లో కలిసి, ఎవరో ఒకరు ఇంట్లో టేపు మీద పట్టుకున్న మేరకు మిగిలింది. పాటగాళ్ళు పనిగట్టుకుని వినే పాటగాడాయన. మామూలు శ్రోతల్లో, అందులోనూ నా వయసు వాళ్ళలో, ఆయన పేరు విన్నవాళ్ళే తక్కువ.

ఆయన పాట ఇప్పుడు మనకి ఎలా అందుతోందో చూడండి. విడిగా అక్కడో డిస్కు, ఇక్కడో అప్‌లోడు, వాట్సాప్‌లో ఓ ఫైలు. నా పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు పేరు 'ఓలేటి 3', ఇంకోటి 'ఓలేటి కచేరి మంచిది'. ఏ సంవత్సరం? తెలీదు. మృదంగం ఎవరు? రాయలేదు. ఆలాపన సగంలోంచి మొదలవుతుంది, ఎందుకంటే రికార్డు బటన్ నొక్కిన ఆసామీ రేడియో దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికి అంత సేపు పట్టింది. చివర్లో చరణం మధ్యలో టేపు అయిపోతుంది. ఇన్ని గాయాలతో కూడా పాట నిలబడుతుంది, నిజమే. కానీ నిలబడుతోంది కదా అని మనం వదిలేస్తున్నాం. నా గొడవ అదీ.

ఈ గొడవ నాకు పట్టుకున్నది ఓలేటి వల్ల కాదు, శాండీ డెనీ వల్ల. ఇంగ్లండు జానపదాన్ని ఎలక్ట్రిక్ గిటార్ల మధ్యకి తెచ్చినవాళ్ళలో ఆవిడ గొంతు ముఖ్యమైనది. 1947లో లండన్ వింబుల్డన్‌లో పుట్టి, 1978లో 31 ఏళ్ళకే పోయింది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్‌తో 1969లో చేసిన 'లీజ్ అండ్ లీఫ్' ఆ తరహా సంగీతానికి దారి చూపింది. సొంతంగా నాలుగు ఆల్బమ్‌లు చేసింది. లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌లో రాబర్ట్ ప్లాంట్‌తో కలిసి పాడిన ఆ ఒక్క పాట వల్ల ఆవిడ్ని విన్నవాళ్ళు మనలో కూడా ఉంటారు.

ఆవిడ పోయాక రికార్డింగుల్ని పెట్టెల్లో సర్దడం మొదలైంది. 1985లో నిర్మాత జో బాయ్డ్, ఆవిడ భర్త ట్రెవర్ లూకస్ కలిసి నాలుగు ఎల్పీల సంకలనం తెచ్చారు. 2010లో వచ్చింది అసలు పెట్టె: 19 సీడీలు. ఆల్బమ్‌లూ, పక్కన పడేసిన టేకులూ, ఇంట్లో గిటారుతో పాడుకున్న నమూనాలూ అన్నీ అందులో ఉన్నాయి. వరసగా వినడానికి కూచుంటే నాలుగో డిస్కుకే ఆయాసం వస్తుంది. ఒకే పాట మూడు సార్లు, నాలుగు సార్లు తిరిగొస్తుంది. 1985 సంకలనం ఒక మనిషిని పరిచయం చేస్తుంది. 2010 పెట్టె గోదాం తాళంచెవి మన చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. కొత్తగా వినేవాళ్ళకి మొదటిదే చెబుతాను.

అయినా ఆ గోదాంలో తిరిగాక నా అభిప్రాయం ఒకటి మారింది. సొంత ఆల్బమ్‌లు వినేటప్పుడు, ముఖ్యంగా 1977లో వచ్చిన 'రాండెవూ', పాటలు బరువెక్కాయనిపించేది. గొంతు మీద వయొలిన్ల దుప్పటి కప్పేశారు. ఈవిడకి చివర్లో పాట తగ్గిపోయిందేమో అనుకునేవాణ్ణి. ఒంటరిగా పాడుకున్న నమూనాలు వింటే, పాట తగ్గలేదు, దుప్పటి బరువు అని తెలుస్తుంది. 'హూ నోస్ వేర్ ద టైమ్ గోస్' అనే పాట తీసుకోండి. ఇరవై ఏళ్ళప్పుడు పాడింది ఉంది, 1969లో బ్యాండుతో పాడింది ఉంది, 1977 నవంబరులో లండన్ రాయల్టీ థియేటర్లో, ఆఖరి కచేరీల్లో ఒకదాంట్లో, పాడింది ఉంది. కాలం ఎటు పోతుందో అని ఇరవై ఏళ్ళ పిల్ల పాడితే అది ఊహ. ముప్పయ్యేళ్ళ మనిషి అదే మాట పాడితే లెక్క అప్పజెబుతున్నట్టుంటుంది. ఈ తేడా ఏ ఒక్క రికార్డింగులోనూ లేదు. పక్కపక్కన, తారీకులతో పెడితేనే వినిపిస్తుంది. సమగ్ర సంకలనం చేసే పని ఇదే అనుకుంటాను. దాంట్లో కొత్త పాటలు ఎన్నున్నాయన్నది నాకు రెండో సంగతి.

ఇప్పుడు ఓలేటి దగ్గరికి వద్దాం. ఆయన కాకినాడలో మునుగంటి వెంకటరావు పంతులు దగ్గరా, తర్వాత శ్రీపాద పినాకపాణి దగ్గరా నేర్చుకున్నారు. హిందుస్తానీ మీద, బడే గులాం అలీ ఖాన్ పాట మీద ఇష్టం ఉండేది. సభల్లో పాడింది తక్కువ. 1989 డిసెంబరులో పోయారు. ఈ నాలుగు ముక్కలూ ఎవరైనా చెబుతారు. ఈ చదువూ, ఈ ఇష్టమూ ఒక గొంతులో ఎలా కలిశాయి, ఎప్పుడు కలిశాయి అన్నది మాత్రం తారీకుల్లేని ఫైళ్ళు చెప్పవు. ఒక టేపులో స్వరం నుంచి స్వరానికి తీగలా జారే నడక ఎక్కువ. ఇంకో టేపులో గమకం బిగువుగా, పాణి గారి బాణీకి దగ్గరగా ఉంటుంది. ముందుది ఏది? మొదట బిగువుగా పాడి తర్వాత వదులు చేశారా? లేక ఉత్తరాది మోజు ముందు వచ్చి, తర్వాత తగ్గిందా? ఆయన సంగీత జీవితం గురించి అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇది. జవాబు టేపుల్లో ఉంది, టేపుల మీద తారీకు లేదు.

రేడియో ఆయన పాటని ఎలా మలిచిందో కూడా వినాలి. సభలో గాయకుడికి జనం ఉంటారు, రేడియోలో గడియారం ఉంటుంది. కేటాయించిన టైములో రాగం పాడి, కృతి పాడి, స్వరం వేసి లేవాలి. ఓలేటి ఆలాపనల్లో నాకు బాగా నచ్చేది ఈ పొదుపు. మొదటి రెండు పట్లలో రాగం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తర్వాత తొందర లేదు. గొంతు పెంచడం లేదు, ఎందుకంటే ఆఖరి వరస అనేదే లేదు, అందరూ మైకు పక్కనే కూచున్నట్టు. చప్పట్ల కోసం చేసే పని ఒక్కటీ కనపడదు. చప్పట్లు కొట్టేవాళ్ళు స్టూడియోలో లేరు మరి. దీన్ని ఆయన స్వభావం అనే అందరూ అంటారు. సగం స్వభావం, సగం స్టూడియో అంటాను నేను.

అన్నిటికంటే విలువైనవి 'సంగీత శిక్షణ' పాఠాలు. రేడియోలో ఆయన కృతిని లైను లైనుగా నేర్పేవారు. ఆయన పాడతారు, శిష్యులు పాడతారు, మళ్ళీ ఆయన పాడతారు. సంగతి ఎక్కడ మలుపు తిరుగుతుందో విప్పి చూపిస్తారు. కచేరీలో వినిపించని పనంతా ఇక్కడ వినిపిస్తుంది. డెనీ పెట్టెలో ఇంటి నమూనాలకి ఉన్న చోటు ఓలేటి పెట్టెలో ఈ పాఠాలకి ఇవ్వాలి. వీటిని అభిమానులు 'నేర్చుకునేవాళ్ళకి' అని పక్కన పెడుతుంటారు. సంగీతం రాని నాలాంటివాడికి కూడా ఇవే తలుపు.

అమలాపురంలో ఒక మేష్టారున్నారు. వాళ్ళింట్లో అట్టపెట్టె నిండా కేసెట్లు. 'ఓలేటి 3' వినిపించాను. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విని, "ఆయ్, ఇది పొద్దుటి కచేరీ బాబూ, గొంతింకా లేవలేదు చూడు" అన్నారు. వయొలిన్ ఎవరిదో కమాను పోకడని బట్టి చెప్పేశారు. అన్నవరపు రామస్వామి లాంటి విద్వాంసులు పనిచేసిన కేంద్రం అది. ఆ కేంద్రాన్ని ఏళ్ళ తరబడి రోజూ విన్న చెవులకి అది కష్టం కాదు. మేష్టారికి ఎనభై దాటాయి. యంత్రం టేపులోని బుసని తగ్గించగలదు. పొద్దుటి గొంతుని గుర్తుపట్టే చెవి మనకి ఇంకెన్నాళ్ళుంటుంది?

అభిమానుల టేపులతో పెద్ద సంకలనం చేయొచ్చా అంటే, చేశారు. ఫెయిర్‌పోర్ట్ వాళ్ళు బీబీసీలో పాడిన పాటల్ని 2007లో నాలుగు సీడీలుగా తెచ్చినప్పుడు, నాలుగో సీడీ మొత్తం ప్రసారం అవుతుండగా బయట టేపు చేసినవే. నాణ్యత తక్కువని విడిగా పెట్టారు, దాచలేదు. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణా ఉంది. డెనీ రాయల్టీ థియేటర్ కచేరీని 1998లో 'గోల్డ్ డస్ట్'గా తెచ్చినప్పుడు, టేపులు పాడవడం వల్ల కొన్ని వాద్యాల భాగాల్ని మళ్ళీ వాయించి అతికించారు. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ రాత్రి ఆవిడ ఏ వాద్యం విని ఆ మాటని అలా సాగదీసిందో మనకి పోయింది. ఓలేటి పాటకి తంబురా హోరు కలిపి, కంప్యూటర్లో మృదంగం సవరించి 'శుభ్రం' చేయాలని రేపెవరికైనా బుద్ధి పుడితే, వద్దని చెప్పాల్సింది ఇందుకే. ఆయన పాటలో సగం పక్కవాళ్ళని వినడమే.

నేను అడిగే పెట్టె పెద్దది కాదు. పందొమ్మిది డిస్కులు అక్కర్లేదు. పాఠాలు కొన్ని, కచేరీలు కొన్ని, భక్తిరంజని పాటలు కొన్ని, ఒకే కృతి రెండు మూడు కాలాల్లో పాడినవి పక్కపక్కన. ప్రతిదానికీ తెలిసినంతలో తారీకు, పక్క వాద్యం ఎవరు, టేపు ఎవరింట్లోది అన్న వివరం. సగం తెగిన ఆలాపనని సగం తెగినట్టే ఉంచాలి.

మీ ఇంట్లో, మీ తాతగారి బీరువాలో అలాంటి కేసెట్లు ఉంటే ఎమ్‌పీ3 చేసి గ్రూపులో పడేసి ఊరుకోకండి. అట్ట మీద, లోపలి కాయితం మీద బాల్‌పెన్నుతో రాసింది ఉంటుంది చూడండి. అది కూడా ఫొటో తీసి, ఫైలుతో పాటే ఉంచండి.