కైండ్లీ ఎక్కడ పెట్టాలి?

శ్రీకాకుళం జిల్లాలో ఏ హైస్కూలుకైనా పొద్దున్న బెల్లు కొట్టే వేళకి వెళ్తే హెడ్మాస్టారి బల్ల మీద రెండు మూడు సెలవు చీటీలు కనిపిస్తాయి. నోటుబుక్కులోంచి చింపిన కాగితం, ఎడమ పక్క మార్జిను, ఊరి పేరు, తారీఖు. జబ్బు మాత్రం అందరికీ ఒకటే, జ్వరం. చివర్లో అందరికీ కంఠతా వచ్చిన వాక్యం: 'ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.'

ఈ శీర్షిక రాసే మనిషి కూడా హైస్కూలు నుంచి డిగ్రీ దాకా ఇదే రాశాడు. అడిగిన ప్రతిసారీ సెలవు దొరికింది. పని జరిగిపోయే చోట తప్పు ఎవరికీ కనిపించదు గనక, అందులో ఉన్న తమాషా అతనికి చాలా ఏళ్లకి గానీ బోధపడలేదు.

తమాషా ఏమిటంటే, ఆ వాక్యంలో దయ చూపించేది హెడ్మాస్టారు కాదు, కుర్రాడే. 'నేను దయతో మిమ్మల్ని కోరుతున్నాను' అని దాని అర్థం. కుర్రాడి మనసులో ఉన్న తెలుగు వాక్యం వేరు: 'దయచేసి రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.' ఇక్కడ 'దయచేసి' వాక్యం మొదట్లో ఎక్కడో ఉన్నా పోయి అతుక్కునేది 'ఇప్పించు' అనే మాటకే. దయ ఎవరిదో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. అదే మాటని తీసుకెళ్లి ఇంగ్లిషులో 'ఐ'కీ 'రిక్వెస్ట్'కీ మధ్య కూర్చోబెట్టగానే దయ యజమాని మారిపోయాడు. 'ఐ హంబ్లీ రిక్వెస్ట్' అంటే ఏ పేచీ లేదు, వినయం అడిగేవాడిదే కాబట్టి. 'కైండ్లీ'ని మాత్రం 'గ్రాంట్' పక్కకి జరపాలి. ఒక్క మాట మూడు మాటల అవతలికి జరిగితే చాలు, పిల్లవాడు మళ్లీ పిల్లవాడు, మాస్టారు మళ్లీ మాస్టారు.

ఇంగ్లిషులో 'నేను'తో మొదలయ్యే వాక్యం మనకి ఎందుకు ఇంత ఇరకాటం? మన వాక్యంలో 'నేను' దాదాపు అనవసరం. 'బేగొచ్చీస్తాను' అని గుమ్మంలోంచి కేకేసి వెళ్లిపోతాడు విజయనగరం కుర్రాడు. వచ్చేది ఎవరో ఆ చివరి 'ను' చెప్పేసింది. 'బేగి' అనే మాట క్రియకి ముందు అతుక్కుని కూర్చుంది. మనిషి క్రియ తోకలో, తొందర క్రియ తలలో. ఇంగ్లిషువాడు 'ఐ'ని ముందు నిలబెట్టి, వెంటనే క్రియని తెచ్చి, తొందరని చివరికి తోస్తాడు: 'ఐ విల్ కమ్ క్విక్లీ.'

అంతటితో అయిపోతే మనవాళ్లు నేర్చేసుకుందురు. క్రియావిశేషణం ఇంగ్లిషులో చివర వస్తుంది, తెలుగులో ముందు వస్తుంది అని ఒక్క ముక్క రాసుకుంటే సరిపోను. కానీ 'ఆల్వేస్', 'ఆఫన్', 'యూజువల్లీ' లాంటివి క్రియకి ముందే వస్తాయి. 'ఐ ఆల్వేస్ గో.' అచ్చం మన 'ఎప్పుడూ వెళ్తాను' లాగే ఉందే అని పిల్లవాడు సంబరపడి, 'రోజూ వెళ్తాను'ని 'ఐ డైలీ గో టు కాలేజ్' అంటాడు. మనకి 'ఎప్పుడూ', 'రోజూ' ఒకే పీట మీద కూర్చునే మాటలు మరి. ఇంగ్లిషులో ఒకటి ముందు పీట, ఒకటి వెనక పీట. 'ఐ గో టు కాలేజ్ డైలీ' అనాలి. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో 'ఐ డైలీ'ని వదిలించడానికి మాస్టార్లు పడే పాట్లు ఇంతా అంతా కాదు. ఆ మాస్టార్లలో కొందరు ఇంటికెళ్లి 'ఐ డైలీ టెల్ దెమ్' అంటారనేది వేరే సంగతి.

రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం తెరిస్తే దీనికో నియమం ఉంది. ఆ రెన్ దొర 'బో జెస్ట్' అనే సాహస నవల కూడా రాశాడు, వ్యాకరణం చదివినవాళ్లకి నమ్మబుద్ధి కాదు గానీ. నియమం ఇదీ: క్రియ ఒక్క మాటైతే 'ఆల్వేస్' దాని ముందు, రెండు మాటలైతే వాటి నడుమ, 'యామ్', 'వాజ్' లాంటివైతే వాటి తర్వాత. ఈ మూడోదే మనకి మింగుడు పడదు, ఎందుకంటే 'యామ్' అనేది మన భాషలో లేదు. 'నేనెప్పుడూ ముందు బెంచీలోనే' అంటాం, వాక్యం పూర్తయింది, క్రియ జాడే లేదు. లేని క్రియకి ముందేమిటి, వెనకేమిటి? 'ఎప్పుడూ' చేసే అల్లరి ఇంకోటి ఉంది. 'ఎప్పుడూ తింటాను' అంటే 'ఆల్వేస్'. 'ఎప్పుడూ తినలేదు' అంటే 'నెవర్'. కాదనే పని మన క్రియ చేస్తుంది, వాళ్లకి 'నెవర్' చేస్తుంది. మనవాడు ఇద్దరికీ పని ఇచ్చి 'ఐ నెవర్ డిడ్ నాట్ ఈట్' అంటాడు. వినేవాడు లెక్క వేసుకోవలసి వస్తుంది.

'ఓన్లీ' దగ్గర మాత్రం మన భాషే గెలిచిందని ఈ రచయిత పక్షపాతంతోనే చెబుతాడు. 'ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్ యెస్టర్‌డే' అనే వాక్యంలో 'ఓన్లీ' దేని మీద వాలిందో గొంతు విని తెలుసుకోవాలి. కాగితం మీద గొంతు ఉండదు. అందుకే దాన్ని దాని మాట పక్కనే పెట్టమని వ్యాకరణాలు పోరుతూ ఉంటాయి, మాట్లాడే ఇంగ్లిషువాళ్లు మాత్రం క్రియ ముందే పెట్టేస్తారు. మనకి ఆ బెడద లేదు. 'నేనే నిన్న రెండు ఇడ్లీలు తిన్నాను', 'నేను నిన్ననే రెండు ఇడ్లీలు తిన్నాను', 'నేను నిన్న రెండే ఇడ్లీలు తిన్నాను', 'నేను నిన్న రెండు ఇడ్లీలే తిన్నాను.' ఒక్క 'ఏ' కారం ఎక్కడ వాలితే అర్థం అక్కడికి నడిచి వెళ్తుంది. 'ఐ యామ్ కమింగ్ నౌ ఓన్లీ' అని మనవాళ్లు అన్నప్పుడు నవ్వేవాళ్లు గమనించని సంగతి ఇదే. అది 'ఇప్పుడే'లో ఉన్న 'ఏ', ఇంగ్లిషు చొక్కా తొడుక్కుంది.

ఈ చొక్కాల తమాషాని విజయనగరం వంద ఏళ్లకి ముందే రంగస్థలం మీద చూసింది. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం కలిసి అగ్రహారంలో పెద్దల ఎదుట ఇంగ్లిషు మాట్లాడతారు. నిజానికి వాళ్లు మాట్లాడేది ఏమీ లేదు, వాచకంలోని వాక్యాలూ పద్యాలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. పెద్దవాళ్లు అదే చదువనుకుని మురిసిపోతారు. అప్పజెప్పిన ఇంగ్లిషులో 'నేను' ఉండడు. అందుకే అందులో తప్పులూ ఉండవు. మన సెలవు చీటీ కూడా దాదాపు ఆ జాతిదే, కాకపోతే తప్పుతో సహా కంఠతా పట్టింది.

గురజాడ ఆ నాటకం 1897లో అచ్చు వేసినప్పుడు, వాడుక తెలుగులో ఎందుకు రాశాడో ముందుమాటలో సంజాయిషీ చెప్పుకున్నాడు. జనానికి తేలిగ్గా అర్థమవుతుందనీ, తెలుగులో హాస్యానికి తగిన భాష అదేననీ. చెప్పింది మాత్రం ఇంగ్లిషులో!

ఆయనతో విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష మీద మనసు పడి, వాళ్ల నోటి నుంచి విని నేర్చుకున్నాడు. ముందు చెవి, తర్వాత నోరు, ఆఖర్న వ్యాకరణం. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి, నేర్చిన ఎన్నో ఏళ్లకి. వాడుక భాష ఉద్యమానికి నిప్పు రాజేసిన వాళ్లలో ఒక ఇంగ్లిషు దొర ఉండడం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బడుల తనిఖీకి వచ్చే యేట్స్, భాషని మాట్లాడుతూ నేర్పాలనే పద్ధతిని నమ్మినవాడు. తెలుగువాళ్లు మాట్లాడేది ఒకటీ, పుస్తకాల్లో ఉన్నది ఒకటీ ఎందుకయిందని ఆయన అడిగిన ప్రశ్న గురజాడనీ గిడుగునీ కదిలించింది.

అదే ప్రశ్నని తిప్పి సెలవు చీటీని అడగొచ్చు. పిల్లవాడు నోటితో ఎన్నడూ అనని వాక్యాన్ని కాగితం మీద ఎందుకు రాస్తున్నాడు? 'సార్, ఐ హావ్ ఫీవర్. కుడ్ యూ కైండ్లీ గివ్ మీ టూ డేస్ లీవ్?' అని నాలుగు రోజులు నోటితో అడిగించి చూడండి. 'కైండ్లీ' తన చోటు తనే వెతుక్కుంటుంది. చెవికి పట్టినవాడికి రెన్ దొర నియమం అక్కర్లేదు. చెవికి పట్టనివాడికి అది పనిచేయదు.

గిడుగు పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆగస్టు 29న బడికి సెలవు ఉండదు. ఆ రోజు జ్వరం వచ్చిన పిల్లలు చాలా బడుల్లో ఇంగ్లిషులోనే చీటీ రాసి పంపుతారు.