క్రిస్మస్ పాటలో గురులఘువులు

తపతీ తీరమందలి సూరత్ నగరమునకు తెలంగాణము నుండి వలసపోయిన తెలుగువారిలో నేతవృత్తివారు అధికులు. లింబాయత్ ప్రాంతమున వారి ఇండ్లున్నవి. నగరపాలక సంస్థ నడుపు బడులలో తెలుగు మాధ్యమము కూడ ఉన్నది. ఇట్టిచోట ఒకే పాశ్చాత్యపు వరుసకు గుజరాతీ మాటలను, తెలుగు మాటలను కట్టి క్రిస్మస్ నాడు పాడినచో, వరుస ఒకటే అయినను చెవికి తోచు ఫలము ఒకటి కాదు. తెలుగు మాటకు జరుగు నష్టము గుజరాతీ మాటకు జరుగదు. ఆ నష్టమేమో తెలిసికొన్నగాని మన క్రిస్మస్ పాటలలో ఏవి నిలువదగినవో నిర్ణయింప వీలులేదు.

గుజరాతీ ఉచ్చారణలో ఇ-ఈలకు, ఉ-ఊలకు గల భేదము చాలవరకు వ్రాతలోనిదే. అకార ఆకారముల భేదము కాలములో కాక నాదములోనే ఉన్నది. అకారమునెంత సాగదీసినను అది ఆకారము కానేరదు. తెలుగున హ్రస్వమును రెండు మాత్రలు నిలిపినచో దీర్ఘమే. ‘కల’ ‘కాల’ అగును. ‘పడు’ ‘పాడు’ అగును. ‘పలు’ ‘పాలు’ అగును. ఆంగ్లమునకు ఊనిక ప్రాణము గనుక దాని వరుసలు ఊనిక గల అక్షరమును నిలుపును. తెలుగు అనువాదకుడు అచ్చట లఘువు నుంచెనా, పాడువారు దానిని గురువు చేయక తప్పదు. అర్థము చెడినదని ఎవరును ఫిర్యాదు చేయరు. పండుగనాడు ఎవరు మాత్రము చేయుదురు!

ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ గ్రామమున 1818 డిసెంబరు 24న తొలిసారి పాడబడిన ‘నిశ్శబ్ద రాత్రి’ గీతమును చూడుడు. జోసెఫ్ మోర్ అను యువ పురోహితుడు 1816లో వ్రాసిన పదములకు ఫ్రాంజ్ గ్రూబర్ అను బడిపంతులు వరుస కట్టెను. ఊయెల ఊపువంటి ఆ వరుసలో మొదటి అక్షరముపై గొంతు నిలిచి, చిన్నగా పైకెగసి, మరల దిగును. అచ్చట తెలుగువానికి గురువు కావలెను. గురువు దొరికిన చరణములలో ఈ పాట మన పాటవలెనే ఒదుగును. లఘువు పడినచోట పరదేశిగానే ఉండును. వరుస సరళమైనది గనుక దోషము మరింత బయటపడును.

పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలకు ఈ ఇబ్బంది లేదు. ఆయన పల్లవి, అనుపల్లవి, చరణముల కట్టడిని, కర్ణాటక రాగతాళములను గైకొని క్రీస్తును కీర్తించెను. కీర్తనలోను సాగదీత లేదా అని అడుగవచ్చును. ఉన్నది. కాని పల్లవి తొలుత మాటను స్పష్టముగ పలికి, తరువాతనే దానిని విస్తరించును. విన్న మాటను చెవి మరువదు. క్రీస్తు జననమును పాడునపుడు ఈ సంప్రదాయమునకు జోలపాట చేయూత యిచ్చినది. అన్నమాచార్యుని నాటి నుండియు దేవుని బిడ్డగా ఊయెలలో నుంచి లాలిపాడుట తెలుగువారెరిగినదే. బేత్లెహేము శిశువునకు లాలి పాడుటకు క్రొత్త భాష కావలసిరాలేదు. మన క్రిస్మస్ పాటలలో ఈ లాలిపాటలకే అగ్రస్థానము. వానిలో సిద్ధాంతము తక్కువ, తల్లిగొంతు ఎక్కువ.

ఈ వివేకము తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి; 1815లో అదే సొసైటీ పక్షమున స్కిన్నర్, ఫైవీ అనువారు సూరత్‌లో దిగిరి. బైబిలు గుజరాతీ అనువాదము ఆ నగరముననే 1820వ దశకమున అచ్చయినది. తరువాతి తరమున గుజరాతీ వ్యాకరణము రచించిన జోసెఫ్ వాన్ సోమరన్ టేలర్ పాశ్చాత్యపు వరుసలతో తృప్తిపడక గుజరాతీ ఛందస్సులలో భక్తిగీతములు కట్టి ‘కావ్యార్పణ’మను సంపుటిగ వెలువరించెను. ఈయన జన్మస్థలము బళ్ళారి. తెలుగు, కన్నడములు రెండును వినవచ్చు ఊరిలో పుట్టినవానికి దేశిచ్ఛందస్సుపై మక్కువ కలుగుటలో వింత లేదని ఊహింపవచ్చును. ఊహయే, అంతకుమించి కాదు.

అనువాదములను త్రోసివేయవలెనని ఇందుచే తేలదు. చార్లెస్ వెస్లీ 1739లో ప్రకటించిన క్రిస్మస్ గీతమును 1753లో వైట్‌ఫీల్డ్ దిద్దెను. ముద్రణోత్సవమునకై మెండెల్సన్ 1840లో కట్టిన వరుసను 1855లో కమ్మింగ్స్ దానికి అమర్చెను. నేడు లోకము పాడునది ఈ నలుగురి చేతులు పడిన పాట. ఆంగ్లముననే పదము తన వరుసకై శతాబ్దమునకు పైగా వేచియుండగా, గురువుకొరకు ఒక భావమును వదలుకొన్న తెలుగు అనువాదకుని మూలద్రోహి యనుట అన్యాయము. భావమంతయు ఉంచి మాటను విరిచినవాడే ఎక్కువ ద్రోహము చేసినాడు.

మన సాహిత్య చరిత్రలు చౌదరికి ఒకటి రెండు వాక్యములతో సరిపుచ్చుచున్నవి. ఆర్. ఆర్. సుందరరావు 1983లో తెలుగు క్రైస్తవ కీర్తనల భక్తితత్త్వముపై ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. తత్త్వమునకు జరిగిన ఆ పాటి పరామర్శ ఛందస్సునకింకను జరుగవలసియున్నది. సూరత్ వంటి ఊళ్ళలో ఇది పండితుల ముచ్చట కాదు. ఇంట తెలుగు, వీధిని గుజరాతీ, బడిలో మరియొక భాషగా పెరుగు బిడ్డకు లిపి అబ్బకపోవచ్చును. ‘కల’కును ‘కాల’కును గల అంతరమును వాని చెవిలో నిలుపునది పాట. కీర్తనల పుస్తకములలో పదముల తలపై రాగతాళముల పేర్లున్నవి; వరుస మాత్రము పెద్దల నోట విని నేర్చినదే. ఆ పెద్దలు పాడుచుండగనే గురులఘువులు గుర్తించి, స్వరము వ్రాసి, కీర్తనలను లాలిపాటలను ఒక సంపుటముగ కూర్చుటకు పూనుకొనువారు కావలెను.