గొట్టములో నిండిన గగనము

30 కిలోమీటర్ల యెత్తున గాలిలో బొగ్గుపులుసు వాయు వెంత గలదో తెలిసికొనుటకు అమెరికాలోని కొలరాడో మైదానములందు బెలూనులు విడుచువారి పనితనము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. వారి సాధనము, పీటర్ టాన్స్ అను శాస్త్రజ్ఞుడు కల్పించిన ఎయిర్‌కోర్. దాదాపు 150 మీటర్ల సన్నని ఉక్కుగొట్టమును చుట్టగా చుట్టి, ఒక కొన మూసి, ఇంకొక కొన తెఱచి, పాళ్లు ముందే తెలిసిన వాయువుతో నింపి, దానిని బెలూనునకు వ్రేలగట్టుదురు. పైకేగుకొలది వెలుపలి పీడనము తగ్గుటచే లోని వాయువు వెడలిపోవును. పారాచూటుతో దిగునపుడు హెచ్చుచున్న పీడనమే, యే పంపు సాయమును లేకయే, దారిలోని గాలిని లోనికి నెట్టును. పాతరలో ముందు పోసిన ధాన్యము అడుగున నిలుచునట్లు, మీది గాలి మూసిన కొనయొద్దను, నేలగాలి ముఖద్వారమునొద్దను వరుస తప్పక నిలుచును. ఎంతటి నిరాడంబరమైన యుపాయము!

అయినను కష్టమంతయు నేల తాకిన పిమ్మటనే. ముఖద్వారమునొద్ది కవాటము మూసికొన్నను, లోపలి పొరలు మెల్లమెల్లగా ఒకదానిలో నొకటి కలియనారంభించును. కావున బెలూను జాడను బట్టి మోటారులో వెంబడించి, ఏ పొలములోనో పడిన గొట్టపు పెట్టెను వెదకి తెచ్చి, కొలది గంటలలోనే ఆ గాలిని లేసరు కాంతితో పరీక్షించు యంత్రములోనికి నిదానముగా పంపి, ప్రతి రీడింగును ఆ గాలి గొట్టములో చేరిన యెత్తుతో సరిపోల్చవలెను. ఉపగ్రహముల కొలతలను సరిచూచు భూతల కేంద్రముల లెక్కలు సైతము ఈ గొట్టముల సాక్ష్యముతోనే సరిదిద్దబడుచున్నవి.