టోర్నడో దృశ్యములు: ఆకర్షణ, ప్రయోజనము

అమెరికా మధ్యరాష్ట్రములలో పుట్టు టోర్నడోల చలనచిత్రములు నేడు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానితో సాహిత్యవిమర్శకునికేమి పనియని కొందరడుగవచ్చును. భయంకరమైన దానిని ప్రేక్షకుడు కోరి యేల చూచుననునది మన ఆలంకారికులు ఏనాడో చర్చించిన ప్రశ్న. దానికి ఈ చిత్రములకంటె మంచి పరీక్షాస్థలము దొరకుట కష్టమని మా యభిప్రాయము.

ముందుగా పేరును గూర్చి యొక మాట. మన సుడిగాలి వేసవిలో దుమ్మును, ఎండుటాకులను లేపి యడగిపోవునది. తుఫాను వందల మైళ్ల వైశాల్యము గలది. టోర్నడో ఈ రెండును గాదు. ఉఱుముమేఘమునుండి నేలకు దిగి తీవ్రవేగముతో తిరుగు గాలిస్తంభము. కనుక ఆ పేరునే వాడుచున్నాము.

1884లో కాన్సస్, దక్షిణ డకోటాలలో తీసిన నిశ్చలచిత్రములతో ఈ చరిత్ర మొదలైనది. వానిలో దక్షిణ డకోటా చిత్రమునకు చేతితో మెఱుగులు దిద్దిరి. అనగా తొలినాడే సత్యమునకు అలంకారము తోడైనది. 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' చిత్రములోని టోర్నడో 35 అడుగుల మస్లిన్ గుడ్డగొట్టము మాత్రమే. నిజమైన టోర్నడో చిత్రము లభించుట అంత యరుదైన కాలమది. 1957 ఏప్రిల్ 2న డల్లాస్ నగరములో పౌరులు పెక్కుమంది టోర్నడోను సినిమా కెమెరాలతో పట్టిరి. హోకర్ అను శాస్త్రజ్ఞుడు అందులో ఎగురుచున్న శకలముల గమనమును కొలిచి, గాలివేగము గంటకు సుమారు 170 మైళ్లని గణించెను. జనులకు అద్భుతమైనది శాస్త్రజ్ఞునకు కొలబద్దయైనది. ఆకర్షణయు, ప్రయోజనమును అప్పుడు ఒక్కచోటనే యుండెను.

తరువాత రెండును వేఱు దారులు పట్టినవి. 1986 జూలై 18న మిన్నెసోటాలో ఒక టెలివిజన్ కేంద్రమువారు టోర్నడోను హెలికాప్టరునుండి ప్రత్యక్షముగా ప్రసారము చేసిరి. 1990 తరువాత వీడియో క్యాసెట్టులు అమ్మకమునకు వచ్చినవి. 1996లో 'ట్విస్టర్' చిత్రము వచ్చినది. చూచినదే చూచుచున్న ప్రేక్షకునకు విస్మయము సన్నగిల్లెను. 'ఎట్లున్నది?' యనువాడు 'ఎంత దగ్గఱగా తీసిరి?' యని యడుగసాగెను. ఈ ప్రశ్న మారుటయే మా దృష్టిలో ముఖ్యమైన సంగతి.

1991 ఏప్రిల్ 26న కాన్సస్ రహదారిపై ఒక టెలివిజన్ బృందమును, మఱికొందరు ప్రయాణికులును వంతెన క్రింద దాగి బ్రతికిరి. కెమెరా ఆగలేదు. ఆ చిత్రము దేశమంతట మరల మరల ప్రసారమైనది. కావ్యము కాంతవలె లాలించి ఉపదేశించునని మమ్మటుడు చెప్పెను. ఈ చిత్రమును అట్లే యుపదేశించినది. కాని ఉపదేశము తప్పు. ఆ టోర్నడో అంత బలవత్తరమైనది కాదు. ఆ వంతెన నిర్మాణమును అసాధారణమైనది, పట్టుకొనుటకు దూలములు గలది. సాధారణముగా వంతెన క్రిందకు చేరిన గాలి ఇఱుకున మఱింత వేగమందును; శకలములు అందే దూరును. 1999 మే 3న ఓక్లహోమాలో వంతెనల క్రింద దాగినవారిలో మువ్వురు మరణించిరి. ఆ చిత్రము నేర్పిన పాఠమును తుడిచివేయుటకు వాతావరణశాఖవారు ప్రత్యేకముగా ప్రచారము చేయవలసివచ్చెను. రసముగా గ్రహింపవలసిన దానిని ప్రేక్షకులు విధిగా గ్రహించిరి. దోషము చూచినవారిది మాత్రమే యనలేము. వంతెన క్రింద నెందరు చిక్కుదురో ఊహింపక ప్రసారము చేసినవారికిని అందు భాగము కలదు.

దీనికి ఎదురుగా నిలుచునది 2011 మే 22 నాటి జాప్లిన్ చిత్రము. మిస్సోరీ రాష్ట్రమునందలి ఆ పట్టణమున ఆనాడు నూటయేబదిమందికి పైగా మరణించిరి. ఒక దుకాణములోని శీతలగృహమున తలదాచుకొన్నవారిలో ఒకరు తీసినదిది. తెరపై దాదాపుగా చీకటియే. వినవచ్చునవి గాలి హోరు, పసివారి యేడ్పు, దైవప్రార్థన, ఒకరినొకరు పలుకరించుకొను అపరిచితుల గొంతులు. విభావాదులలో ఒక్కటి మాత్రమే చెప్పబడినచోట తక్కినవి ఆక్షిప్తములగునని ఆలంకారికుల సిద్ధాంతము. అనుభావమాత్రముచేత భయానకము పండుటకు ఇంతకంటె ఉదాహరణ మాకు తెలియదు. 2022 ఏప్రిల్ 29న ఆండోవర్ పట్టణముపై డ్రోనుతో తీసిన చిత్రమున ఇండ్లకప్పులు లేచిపోవుట సైతము స్పష్టముగా కనబడును. శాస్త్రమునకు అది నిధియే. కాని అందు మానవుని గొంతు లేదు. మా మనస్సు దానియందు నిలువలేదు.

సామీప్యమునకై సాగిన పోటీ 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో వద్ద భయంకరముగా బయటపడినది. వెడల్పు 2.6 మైళ్లకు పెరిగిన ఆ టోర్నడో దారి మార్చి రహదారులపైనున్న వెంబడించువారిని చుట్టుముట్టెను. పరిశోధనకై వెళ్లిన టిమ్ సమారాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ మరణించిరి. ఆ పిమ్మట సైమన్ మొదలగు పరిశోధకులు అక్కడివారు తీసిన చిత్రములనన్నిటిని సేకరించిరి. కెమెరాల గడియారములు ఒకదానితో నొకటి కలియవు. కాని మెఱుపు అందరికిని ఒక్క క్షణముననే కనబడును. ఆ మెఱుపులను ఆధారముచేసికొని చిత్రములకు కాలక్రమము కూర్చిరి. ఏకాకిగా చూచిన నీరసమని త్రోసివేయదగిన చిత్రము సైతము అక్కడ సాక్షియైనది. జనాకర్షణ తగ్గినకొలదియు సాక్ష్యవిలువ పెరుగుట ఈ చరిత్రలోని వింత.

ఈ వెలుగులో నేటి యలవాటును మేము మెచ్చజాలము. కొన్ని క్షణములకు కత్తిరించి, అసలు ధ్వనిని తీసివేసి, దానిపై సంగీతము పూసి పంచుచున్నారు. స్థలకాలములు పోయినందున శాస్త్రజ్ఞునకు పనికిరాదు. గొంతులు పోయినందున రసికునకును పనికిరాదు. ఇక యంత్రబుద్ధి కల్పించు టోర్నడోలు వచ్చినవి. కల్పనయని చెప్పి చూపినచో వానితో మాకు పేచీ లేదు. 1939 నాటి మస్లిన్ గుడ్డయు కల్పనయే, కాని అది తాను వార్తయని చెప్పుకొనలేదు. వార్త పేరున తిరుగు చిత్రమును మాత్రము అదే మెఱుపును మఱియొక దిక్కునుండి చూచిన వేఱొక కెమెరా యున్నదా యని యడుగవలసియున్నది.